మూడో వంతు

పెట్టె వచ్చేసరికి వెర్నా హావర్‌క్యాంప్ పెరట్లో నిమ్మచెట్టుకి నీళ్ళు పెడుతోంది. ఎడారి వైపు నుంచి వేడిగాలి మొదలై వారమైంది. బర్‌బ్యాంక్‌లో ఎవరిని కదిలించినా కరిచేలా ఉన్నారు. పెట్టె తెచ్చినవాడు కూడా సంతకం పెట్టించుకుని, మంచినీళ్ళు కావాలా అని ఆమె అడుగుతుండగానే వ్యాను ఎక్కేశాడు.

లోపల ఏముందో ఆమెకి తెలుసు. సినిమా రచయితల సంఘం ఏడాదికి రెండు మూడుసార్లు ఆమెకి ఇలాంటి పెట్టె పంపుతుంది. ఈ ఊళ్ళో ఒక సినిమాని మొదటినుంచి చివరిదాకా ఒకడే రాయడం అరుదు. ఒకడు రాస్తాడు, వాణ్ణి తీసేసి ఇంకొకణ్ణి పెడతారు, వాడు రాసింది మూడోవాడు తిరగరాస్తాడు. చివరికి తెర మీద ఎవరి పేరు వెయ్యాలన్న తగువు సంఘానికి చేరుతుంది. అప్పుడు సంఘం ముగ్గురు పెద్ద రచయితలకి ప్రతులన్నీ పంపి తీర్పు అడుగుతుంది. తీర్పు చెప్పే ముగ్గురిలో ఎవరికీ మిగతా ఇద్దరెవరో తెలీదు. ప్రతుల మీద పేర్లుండవు. మొదటి రచయిత, రెండో రచయిత, మూడో రచయిత అని మాత్రమే ఉంటుంది. చివరి ప్రతిలో మూడో వంతైనా మొదటివాడు రాసిందైతేనే వాడి పేరు తెరకెక్కుతుంది.

వెర్నాకి అరవై మూడేళ్ళు. ఆమె స్క్రిప్టు ఎవరైనా కొని తొమ్మిదేళ్ళయింది. స్టూడియోల్లో ఇప్పుడు కుర్చీలెక్కినవాళ్ళకి ఆమె పేరు చెబితే స్పెల్లింగ్ అడుగుతారు. సంఘంలో మాత్రం ఆమె మాటకి విలువుంది. "వెర్నా చదివిందంటే కామాలు కూడా చదువుతుంది" అని అక్కడ అనుకుంటారని ఎవరో చెబితే ఆమె పైకి విసుక్కుంది గానీ, ఆ సాయంత్రమంతా మనసులో ఆ మాటే తిప్పుకుంది. పెళ్ళి చేసుకోలేదు, తోడబుట్టినవాళ్ళెవరూ మిగల్లేదు. మిగిలిన గౌరవం ఆ పెట్టెలోనే వస్తోంది.

చల్లటి టీ కలుపుకుని, ఎర్ర పెన్సిల్ చెక్కుకుని వంటగది బల్ల ముందు కూర్చుంది. కథకి మూలం ఒక నవల. క్లీవ్‌లాండ్‌లో ఒక స్కూలు బస్సు బోల్తా పడుతుంది. నలుగురు పిల్లలు చనిపోతారు. డ్రైవరు బతుకుతాడు. బతికి, ఆ తల్లిదండ్రులకి ఉత్తరాలు రాస్తూ ముసలివాడవుతాడు. నవల పక్కనపెట్టి మొదటి రచయిత ప్రతి తీసింది.

ఆరో పేజీలో ఆమె పెన్సిల్ ఆగింది.

డ్రైవరు పోలీసులకి జవాబు చెబుతూ తెగిన గుండీ కోటుకి కుట్టుకుంటున్నాడు. నాలుగో పేజీలో అతని భార్య బూట్లు తుడుస్తోంది. రెండో పేజీలో ఎవరో యాపిలు తొక్క తీస్తున్నారు. మాట్లాడే ప్రతి మనిషి చేతుల్లోనూ ఏదో ఒక పని ఉంది. 'కోపంగా', 'బాధగా' లాంటి మాట ఎక్కడా లేదు. ఇలా రాసేవాడు ఈ ఊరు మొత్తానికి ఒక్కడే. ఎల్లిస్ ప్రొహాస్కా. పదిహేడేళ్ళు ఆమె అతనితో కలిసి రాసింది.

నియమం స్పష్టంగా ఉంది. రచయిత ఎవరో తెలిస్తే ప్రతులు మూసేసి సంఘానికి ఫోన్ చెయ్యాలి. ఫోన్ గోడ మీదే ఉంది, లేచి రెండడుగులు వేస్తే చాలు. వెర్నా లేవలేదు. టీ తాగింది. తర్వాత ఏడో పేజీ తిప్పింది.

* * *

వాళ్ళిద్దరూ కలిసింది పంతొమ్మిది వందల యాభై నాలుగులో. టీవీలో వారానికో కౌబాయ్ కథ కావలసిన రోజులు. ఆమె నెబ్రాస్కా మొక్కజొన్న పొలాల్లోంచి వచ్చింది, అతను క్లీవ్‌లాండ్‌లో ఉక్కు కర్మాగారం పక్క వీధిలోంచి. బట్టలుతికే దుకాణం పై అంతస్తులో ఒక గది అద్దెకి తీసుకున్నారు. కింది నుంచి ఆవిరి వాసన. ఆమె టైపు మిషను ముందు కూర్చునేది. అతను నేల మీద వెల్లకిలా పడుకుని, గుండెల మీద యాష్‌ట్రే పెట్టుకుని మాటలు చెప్పేవాడు. కథ ఆమెది, మాట అతనిది అని స్టూడియోల్లో అనేవారు. నిజానికి ఎవరిదేదో సాయంత్రమయ్యేసరికి వాళ్ళకీ తెలిసేది కాదు. వాళ్ళ మధ్య ప్రేమ వ్యవహారమేదో ఉందని ఊరు గుసగుసలాడింది. లేదు. దానికంటే ఎక్కువ దగ్గరితనం ఉండేది. వాక్యం ఒకరు మొదలుపెడితే రెండోవాళ్ళు ముగించేవాళ్ళు.

ఆ గదిలోనే ఒక మధ్యాహ్నం ఆమె డేల్ సంగతి చెప్పింది. డేల్ ఆమె అన్న. ముప్పై ఎనిమిదిలో కోతల కాలంలో ట్రాక్టరు కాలవలోకి తిరగబడి చనిపోయాడు. మధ్యాహ్నం భోజనానికి కంచాలు పెట్టి ఉండగా షెరిఫ్ మనిషి ఒకడు కబురు తెచ్చాడు. టోపీ చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. వెర్నా తల్లి ఏడవలేదు. డేల్ కంచం చూపించి, "చల్లారిపోతుంది, కూర్చో" అంది. అతను కూర్చున్నాడు. ఉడికించిన బంగాళాదుంపలూ పంది మాంసమూ మొత్తం తిన్నాడు. కళ్ళ నీళ్ళు కంచంలో పడుతున్నా తింటూనే ఉన్నాడు. పద్నాలుగేళ్ళ వెర్నా పొయ్యి దగ్గర నిలబడి చూసింది.

ఈ సంగతి ఆమె జీవితంలో ఒక్క మనిషికే, ఒక్కసారే చెప్పింది.

ఇప్పుడు మొదటి రచయిత ప్రతిలో అరవై ఒకటో పేజీలో బస్సు డ్రైవరు చనిపోయిన పిల్ల ఇంటి తలుపు తడుతున్నాడు. నవలలో లాగా ఉత్తరం రాయడం లేదు, తనే వెళ్ళాడు. తల్లి తలుపు తీసింది. భోజనాల బల్ల మీద కూతురి చోట సూపు గిన్నె ఉంది. రోజూ పెడుతుందట. తల్లి అతన్ని చూసింది. "చల్లారిపోతుంది, కూర్చో."

వెర్నా చేతిలో పెన్సిల్ విరిగింది. విరిచింది తనే అని కాసేపటికి తెలిసింది.

* * *

అయితే, మోసం చేసింది ఎల్లిస్ ఒక్కడే అయితే ఈ కథ ఇంత దూరం వచ్చేది కాదు.

డెబ్భై ఒకటిలో వాళ్ళిద్దరూ రాసిన వాటిలోకెల్లా గొప్పది సినిమాగా తీస్తున్నారు. నెబ్రాస్కాలో నీటి కోసం కొట్టుకునే ఇద్దరన్నదమ్ముల కథ. పేరు 'ఎండిన కాలవ'. అప్పటికి ఎల్లిస్ తాగుడు ముదిరింది. షూటింగ్‌లో హీరో ఒక డైలాగు మార్చమంటే హీరో ముక్కు మీద గుద్దాడు. వారం తిరక్కుండా ఊరికి దూరంగా తాగుడు మాన్పించే ఆసుపత్రిలో తేలాడు. నిర్మాత వెర్నాని పిలిచి, మిగతాది ఒక్కదానివే రాయమన్నాడు. రాసింది. తెర మీద ఒక్కదాని పేరే వేస్తానన్నాడు. ఆమె కాదనలేదు, అవుననీ అనలేదు. ఎల్లిస్‌కి అభ్యంతరముంటే ఫలానా తేదీలోగా చెప్పుకోవాలని సంఘం నుంచి అతని చిరునామాకి ఉత్తరం వెళ్ళింది.

ఎల్లిస్ ఇంటి తాళంచెవి వెర్నా దగ్గరుంది. అతని పిల్లికి తిండి పెట్టడానికి రోజూ వెళ్ళేది. ఒకరోజు తలుపు తియ్యగానే నేల మీద ఆ కవరు కనిపించింది. సంఘం ముద్ర ఉంది. ఏమిటో చూడకుండానే తెలిసింది. ఆసుపత్రికి తీసుకెళ్ళి ఇవ్వొచ్చు, నలభై నిమిషాల ప్రయాణం. ఆమె దాన్ని తీసి, మిగతా ఉత్తరాలతో కలిపి బల్ల మీద పెట్టి, పిల్లికి పాలు పోసి, తాళం వేసి వచ్చేసింది. అంతే. దాచలేదు, చింపలేదు. తేదీ దాటిపోయింది.

ఆ ఏడు సినిమాకి మంచి పేరొచ్చింది. విమర్శకుల బహుమతి ఆమె ఒక్కతే వెళ్ళి అందుకుంది. ఎల్లిస్ ఆసుపత్రి నుంచి వచ్చి ఒకటే ప్రశ్న అడిగాడు. "నా ఉత్తరాలు తీసి పెట్టింది నువ్వే కదా, సంఘం కవరు చూళ్ళేదా?" చూడలేదంది. అతను తలూపాడు. మర్నాడు గదిలోంచి తన యాష్‌ట్రే తీసుకెళ్ళిపోయాడు. ఆ తర్వాత పదహారేళ్ళు వాళ్ళు మాట్లాడుకోలేదు.

* * *

మూడు రోజులు చదివింది. రెండో రచయిత చేతిలో బస్సు పోయి హెలికాప్టరు వచ్చింది. మూడో రచయిత హెలికాప్టరుని రెండుసార్లు పేల్చాడు. డ్రైవరు పైలట్ అయ్యాడు. పేర్లు మారాయి, ఊరు మారింది. కానీ ఆ మనిషి ఇంటింటికీ వెళ్ళడం మిగిలింది. సూపు సీను మూడు పేజీల నుంచి ఒక పేజీకి కుంగి, అదీ మిగిలింది.

తీర్పంతా ఒక్క చోట ఆగింది. ఇంటింటికీ వెళ్ళడం ఎవరిది? నవలలో మనిషి వెళ్ళడు, ఉత్తరాలు రాస్తాడు. కాబట్టి అది మొదటి రచయిత కల్పన అంటే అతని వాటా నూటికి నలభై దాకా వస్తుంది. ఉత్తరాల్లోనే ఆ ఆలోచన ఉంది, అతను చేసింది చిన్న మార్పే అంటే ముప్పైకి పడిపోతుంది. రెండు విధాలా వాదించొచ్చు. ఇంకెవరి ప్రతైనా అయితే ఆమె ఏమనేదో ఆమెకి తెలీదు. ఆ తెలియకపోవడమే తర్వాత ఆమెని తినేసింది.

రెండు పేజీల అభిప్రాయం టైపు చేసింది. మొదటి రచయిత పేరు ఉండనక్కర్లేదని రాసింది. మధ్యాహ్నం సంఘం కార్యదర్శి టిబెట్స్‌కి ఫోన్ చేసింది.

"వెర్నా గారూ, మామూలుగా అడిగే ప్రశ్నే. ఈ ముగ్గురిలో ఎవరినైనా గుర్తుపట్టారా?"

"లేదు."

"మీరెలాగూ అలాంటిదుంటే ముందే చెప్తారు లెండి. ఏదో కాగితం మీద రాయాలి కాబట్టి అడిగాను."

రెండ్రోజుల తర్వాత టిబెట్సే ఫోన్ చేసి చెప్పాడు. ఒకరు పేరు వెయ్యాలన్నారు, ఇద్దరు వద్దన్నారు. వద్దన్నవాటిలో ఆమెది కాక ఇంకొకటే ఉంది. ఆమె మాటతోనే తేలిపోయింది.

* * *

గురువారం పొద్దున్న ఫోన్ మోగింది. అవతల ముందు ఊపిరి వినిపించింది, తర్వాత మాట.

"నెబ్రాస్కా."

ఆ పేరుతో పిలిచేవాడు ఒక్కడే. వెర్నా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"తీర్పు కాపీలు నాక్కూడా పంపారులే. పేర్లు కొట్టేసి. ఒక అభిప్రాయంలో 'న్యాయంగా చెప్పాలంటే' అని రెండు పేజీల్లో మూడుసార్లుంది. పదిహేడేళ్ళు ఆ మాట కొట్టేయిస్తూనే ఉన్నాను నీతో. ఇంకా మానలేదన్నమాట."

ఆమె ఫోన్ తీగ వేలికి చుట్టుకుంది.

"ఫోన్లో వద్దు. ఊపిరి చాలదు. ఇంటికి రా."

వాన్ నయిస్‌లో చిన్న ఇల్లు, గడ్డి ఎండిపోయిన ముంగిలి. తలుపు తీసినావిడకి యాభై ఏళ్ళుంటాయి, నర్సు దుస్తుల్లో ఉంది. ఎల్లిస్ భార్య ఒఫీలియా. పెళ్ళై ఆరేళ్ళయిందని వెర్నా ఎప్పుడో విన్నది.

"మీరేనా ఆవిడ? ఫొటోలో పొడుగ్గా ఉన్నారే!"

"ఫొటోలో ఆయన నేల మీద పడుకునున్నాడు. అందుకని."

ఒఫీలియా నవ్వలేదు గానీ, పక్కకి జరిగి దారిచ్చింది. "ఎక్కువ మాట్లాడించకండి. మాట్లాడొద్దంటే ఎలాగూ వినడు, మీరైనా తక్కువ అడగండి."

ఎల్లిస్ కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు. ఒకప్పుడు తలుపుకి అడ్డం నిలబడితే వెలుతురు ఆగిపోయే మనిషి, ఇప్పుడు చొక్కా లోపల ఎక్కడో ఉన్నాడు. ముక్కుకి సన్నటి గొట్టం, పక్కన ఆక్సిజన్ సిలిండరు.

"ఎంతొచ్చింది నీ లెక్క?" అన్నాడు, కూర్చోమనకుండానే.

"ముప్పై."

"నాకు నలభై వచ్చింది."

"నీది నువ్వు లెక్కేసుకుంటే అంతే వస్తుంది."

"ఎన్నో పేజీలో పట్టావు నన్ను?"

"ఆరు."

"ఆరా? నాలుగులోనే పడతాననుకున్నా. ముసల్దానివైపోయావే." దగ్గాడు. దగ్గు తగ్గేదాకా ఆమె కిటికీ వైపు చూసింది. "మరి పట్టినదానివి పెట్టె ఎందుకు వెనక్కి పంపలేదు?"

ఆమె దారంతా ఈ ప్రశ్నకి జవాబు సిద్ధం చేసుకుంటూనే వచ్చింది. "మా అమ్మని వాడుకున్నావు. నేను నీకొక్కడికే చెప్పాను. మా అన్న చచ్చిపోయిన రోజు మా అమ్మ అన్న మాట తీసుకెళ్ళి హెలికాప్టర్ల సినిమాలో పెట్టావు."

"నేను పెట్టినప్పుడు బస్సే."

"ఎల్లిస్!"

"సరే, సరే. డేల్ కంచం తీసుకున్నా. ఆ షెరిఫ్ మనిషిని తీసుకున్నా. ఒప్పుకుంటా. కానీ మాట మీ అమ్మది కాదు, వెర్నా."

"ఏ మాట?"

"'చల్లారిపోతుంది, కూర్చో.' నువ్వు చెప్పినప్పుడు మీ అమ్మ ఏమీ అనలేదు. కంచం అతని వైపు తోసిందని చెప్పావు, అంతే. ఒక్క ముక్క మాట్లాడలేదన్నావు. నేను నేల మీద పడుకునున్నా. 'ఏదో ఒకటి అనాలి కదా' అని ఆ మాట నేను చెప్పా. నువ్వు మిషన్ మీద కొట్టావు. షెరిఫ్ కథల్లో దేంట్లోనో పెడదామనుకుని, కుదరక అవతల పడేశాం."

"అబద్ధం."

"కావచ్చు. మీ అమ్మని అడుగుదామంటే ఆవిడ లేదు."

తల్లి గొంతు వెర్నాకి వినిపిస్తూనే ఉంది, యాభై ఏళ్ళుగా వినిపించినట్టే. ఆ గొంతులో చిన్న బొంగురు కూడా ఉంది. కానీ ఇప్పుడు వింటుంటే ఆ మాట పడిన చోట, ఆగిన చోట ఎల్లిస్ విరుపు ఉంది. పొయ్యి దగ్గర నిలబడి చూసిన పిల్లని అడగాలనుకుంది. ఆ పిల్లకి కంచం కదలడం కనిపించింది. మాట వినిపించిందో లేదో ఎంత వెతికినా దొరకలేదు.

ఎల్లిస్ ఆమె మొహం చూశాడు. అతనికి ఆనందమేమీ కలగలేదు. "కూర్చో" అని కుర్చీ చూపించాడు. చూపించాక తను అన్నదేమిటో తెలిసి చెయ్యి దించేసుకున్నాడు.

ఆమె కూర్చోలేదు. నిలబడే చెప్పింది. "ఆ కవరు చూశాను. డెబ్భై ఒకటిలో. నేల మీద ఉంది. తీసి బల్ల మీద పెట్టాను."

"తెలుసు."

"ఎప్పటినుంచి?"

"ఇంటికొచ్చిన రోజు నుంచే. ఉత్తరాలన్నీ సైజు ప్రకారం పేర్చి ఉన్నాయి, పెద్దవి కింద, చిన్నవి పైన. ఆ కవరూ సరిగ్గా దాని సైజు చోటే ఉంది. లోకంలో ఇంకెవరు అలా పేరుస్తారు?"

"మరి అప్పుడే ఎందుకు అనలేదు?"

"అంటే ఏడ్చేదానివి. నేను క్షమించాల్సొచ్చేది. నాకిష్టం లేకపోయింది." కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "ఇప్పుడూ లేదు."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. ఒఫీలియా వింటోంది.

"సోమవారం సినిమా టైటిళ్ళు ప్రింటు వెయ్యడానికి ల్యాబుకి వెళ్తాయి" అన్నాడు ఎల్లిస్. "ఈలోపు టిబెట్స్‌కి చెప్పు. గుర్తుపట్టానని. కొత్తవాళ్ళని ముగ్గుర్ని పెడతారు."

"నన్ను సంఘంలో ఎక్కడా కూర్చోనివ్వరు మళ్ళీ."

"కూర్చోనివ్వరు."

"అంత కావాలా నీకు? ఈ సినిమా? రెండు హెలికాప్టర్లు పేలతాయి దీంట్లో."

"ఇదే ఆఖరిది కదా. పదకొండేళ్ళయింది నా పేరు తెర మీద చూసి. ఈవిడ ఒక్కసారి కూడా చూళ్ళేదు. నన్ను చేసుకునేసరికే నేను మాజీని. రచయితనని చెప్పుకునే ముసలాడనుకుంటుంది."

"అనుకోవడమే కాదు, అంటాను కూడా" అంది ఒఫీలియా లోపల్నుంచి.

* * *

శుక్రవారం ఆఫీసు తెరవగానే వెర్నా టిబెట్స్‌కి చెప్పేసింది. ఆరో పేజీలో గుర్తుపట్టాననీ, అడిగితే అబద్ధం చెప్పాననీ చెప్పింది. ఎందుకో మాత్రం చెప్పలేదు. చెప్పడానికి ఆమెకే తేలలేదు.

టిబెట్స్ జవాబులో 'వెర్నా గారు' పోయి 'మిస్ హావర్‌క్యాంప్' వచ్చింది. "మిస్ హావర్‌క్యాంప్, ఇదంతా రాసి సంతకం పెట్టి పంపండి. మీ దగ్గర సంఘం ప్రతులేమైనా ఉంటే అవీ పంపెయ్యండి." ఇరవై ఏళ్ళ పరిచయం ఆ రెండు వాక్యాలతో ముగిసింది. పదిరోజుల్లో ఆమె పేరు తీర్పరుల జాబితాలోంచి తీసేశారు. ఆమె వారం వారం కొత్త రచయితలకి పాఠం చెప్పే గది ఇంకొకరికిచ్చారు. ఎవరూ తిట్టలేదు. మార్కెట్లో ఎదురుపడ్డ పాత స్నేహితురాలొకతె పుచ్చకాయలు తట్టి చూస్తూ, చూసీ చూడనట్టు పక్క వరసలోకి వెళ్ళిపోయింది.

టైటిళ్ళు రెండ్రోజులు ఆపారు. కొత్తవాళ్ళు ముగ్గురు ప్రతులన్నీ మొదటినుంచీ చదివారు. బుధవారం తీర్పొచ్చింది. మొదటి రచయిత పేరు వద్దన్నారు. ఈసారి ముగ్గురూ.

ఒఫీలియా ఫోన్ చేసి చెప్పింది. "ఆసుపత్రిలో ఉన్నాడు. ఎవరో ఒకరు చెప్పాలి. నా వల్ల కాదు. మీ ఇద్దరి గొడవ ఇది, మీరే వచ్చి చెప్పండి."

వెర్నా వెళ్ళింది. మంచం తలవైపు ఎత్తి ఉంది. ఎల్లిస్ ఆమె మొహం చూసి అడగక ముందే తెలుసుకున్నాడు.

"ఎంతమంది?"

"ముగ్గురూ."

"ముగ్గురూనా?" నవ్వబోయి దగ్గులో పడ్డాడు. నర్సు వచ్చి గొట్టం సరిచేసి వెళ్ళింది. "అయితే నువ్వు మొదట రాసిందే సరైందన్నమాట."

"కాదు. నేను నీ మీద కోపంతో రాశాను."

"కోపంతో రాసినా లెక్క సరిగ్గానే వచ్చింది. అదీ నీ అదృష్టం. నేనెంత ప్రేమగా రాసినా ముప్పై దాటదు." కళ్ళు మూసుకున్నాడు. చాలాసేపటికి, "నువ్వు చెప్పావు కదా టిబెట్స్‌కి. చాలు. ఇక రాకు, వెర్నా" అన్నాడు. నెబ్రాస్కా అని పిలవలేదు.

ఆమె దుప్పటి అంచు సర్దబోయి, మానుకుని వచ్చేసింది. మళ్ళీ వెళ్ళలేదు. రమ్మంటాడేమోనని అక్టోబరంతా ఫోన్ మోగినప్పుడల్లా చేస్తున్న పని ఆపేది.

* * *

నవంబరు రెండో వారంలో ఎల్లిస్ చనిపోయాడు. పేపర్లో వెయ్యడానికి నాలుగు ముక్కలు రాసిపెట్టమని ఒఫీలియా అడిగింది. "నాకు మందుల పేర్లు తప్ప ఇంకేం రాయడం రాదు" అంది.

వెర్నా ఒక పొద్దంతా కూర్చుని రాసింది. క్లీవ్‌లాండ్, యుద్ధంలో నౌకాదళం, టీవీ కథలు, సినిమాలు. 'ఎండిన కాలవ' సినిమాని ఎల్లిస్ ప్రొహాస్కా, వెర్నా హావర్‌క్యాంప్ కలిసి రాశారని రాసింది. అతని పేరు ముందు పెట్టింది. ఎక్కడా 'న్యాయంగా చెప్పాలంటే' రాకుండా చూసుకుంది.

మర్నాడు పత్రిక నుంచి ఎవరో ఫోన్ చేశాడు. మర్యాదగానే మాట్లాడాడు.

"మేడమ్, ఈ 'ఎండిన కాలవ' గురించి. మా దగ్గరున్న సినిమా వివరాల పుస్తకంలో మీ పేరొక్కటే ఉంది."

"తెలుసండీ. అది తప్పు. ఇద్దరం రాశాం."

"తప్పని చూపించే కాగితమేదైనా ఉందా?"

"రాసినదాన్ని నేనే చెప్తున్నాను కదా."

"నాకు మీ మీద నమ్మకం లేక కాదు మేడమ్. పోయినవాళ్ళ గురించి ఆప్తులు ఇలాంటివి చాలా చెప్తుంటారు. రికార్డులో లేనిది మేము వెయ్యలేం."

ఆమె స్టూడియోకి ఫోన్ చేసింది. ఆ స్టూడియో చేతులు మారి ఎనిమిదేళ్ళయింది. పాత కాగితాలు ఏ గోదాములో ఉన్నాయో ఎవరికీ తెలీదు. నిర్మాత పోయాడు. సంఘానికి ఉత్తరం రాసింది. గడువు పదహారేళ్ళ కిందటే ముగిసిందని నాలుగు వరసల జవాబొచ్చింది, కింద టిబెట్స్ సంతకం. పత్రికలో ఎల్లిస్ గురించి అప్పటికే ఆరు వరసలు పడ్డాయి. టీవీ కౌబాయ్ కథలు రాశాడని ఉంది. సినిమా ఊసు లేదు.

హెలికాప్టర్ల సినిమా మార్చిలో విడుదలై మూడు వారాలు ఆడింది. వెర్నా వెళ్ళలేదు. ఒఫీలియా ఒక ఆదివారం డ్యూటీ దిగి నేరుగా వెళ్ళి చూసి, ఇంటికి రాగానే ఫోన్ చేసింది.

"ఆ సూపు సీను లేదండీ."

"లేకపోవడమేమిటి? చివరి ప్రతిలో ఉంది. నేను చదివాను."

"నాకూ అలాగే అనిపించింది. రాత్రి డ్యూటీ కదా, మధ్యలో కునుకు పట్టిందేమో అనుకున్నా. మళ్ళీ టిక్కెట్టు కొనుక్కుని రెండోసారి చూశాను. లేదు. వాడు తలుపు తడతాడు, అంతే, వెంటనే హెలికాప్టరు."

"ఎడిటింగ్‌లో తీసేసుంటారు" అంది వెర్నా.

అవతల ఏదో చప్పుడైంది. ఒఫీలియా ఏడుస్తోందో, బూట్లు విప్పుకుంటోందో తెలియలేదు. తర్వాత మామూలు గొంతుతో, అతని కాగితాలు నాలుగు అట్టపెట్టెలున్నాయనీ, విశ్వవిద్యాలయం వాళ్ళనడిగితే వద్దన్నారనీ, తను చిన్న ఇంట్లోకి మారుతోందనీ చెప్పింది. "మీకు కావాలంటే తీసుకెళ్ళండి. లేకపోతే మంగళవారం చెత్త బండి వస్తుంది."

వెర్నా శనివారం వెళ్ళింది. ఇద్దరూ చెరో వైపు పట్టుకుని పెట్టెలు కారెక్కించారు. బరువుగా ఉన్నాయి. ఒఫీలియా కాఫీ ఇచ్చింది. సిలిండరు ఉన్న చోట తివాచీ మీద గుండ్రటి మచ్చ ఉంది. ఇద్దరూ దాని వైపు చూడకుండా కాఫీ తాగారు. వెర్నా పెట్టెలు తెచ్చి గ్యారేజీలో గోడ వారగా పెట్టింది. కింద తేమ తగలకుండా చెక్కలు వేసింది. వేసవి గడిచింది, మళ్ళీ వేడిగాలి వచ్చి పోయింది. ఆమె వాటిని విప్పలేదు.